మా ఆయనలో మిగిలిన ఆరు శాతం

మా ఆయన గేలెన్ తొంభై శాతం పాడైపోయిన మనిషి. ఈ మాట నేను కోపంతో అనడం లేదు. ప్రభుత్వమే కాగితం మీద అచ్చువేసి పంపింది. ఇరాక్ వెళ్లొచ్చిన సైనికుడిలో ఎంత పోయిందో, ఎంత మిగిలిందో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. ఆ మిగిలిన పది శాతంతోనే ఆయన ధాన్యం లారీ నడుపుతాడు, వాకిట్లో మంచు ఎత్తిపోస్తాడు, చర్చిలో బల్లలు మోస్తాడు, నేను వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత చప్పుడు కాకుండా తీసినా గ్యారేజీలోంచి విని "నాకు రెండు" అంటాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ పది శాతం నాకు సరిపోయింది. మా అమ్మాయికే సరిపోలేదు.

మారెన్‌కి ఏడో తరగతి నుంచీ వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చేరి ఆర్మీ ఆఫీసరు కావాలని పట్టుదల. అక్కడ చేరడానికి మార్కులుంటే చాలదు, పరుగు వస్తే చాలదు. ఈ పిల్లని చూడండి అని పెద్దవాళ్లెవరో పేరు పంపాలి. మా నియోజకవర్గం ప్రతినిధి పంపొచ్చు, మా రాష్ట్రం సెనేటర్లు ఇద్దరూ పంపొచ్చు. పేరు వెళ్లకపోతే, పిల్ల నెబ్రాస్కా నుంచి పరుగెత్తుకుంటూ వెళ్లి గేటు తట్టినా తియ్యరు.

దీనికంతటికీ మూలం హాల్లో అల్మరా మీద ఉన్న ఫొటో. యూనిఫారంలో గేలెన్, ఎండకి కళ్లు చికిలించి నవ్వుతూ ఉంటాడు. ఆయన యుద్ధం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు గనక, పిల్ల ఆ ఫొటోలోంచే ఒక యుద్ధాన్ని తయారుచేసుకుంది. అందులో అందరూ ఇస్త్రీ బట్టలతో ఉంటారు. ఆ పైన వెస్ట్ పాయింట్ నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించింది. అబద్ధమాడను, మోసం చెయ్యను, దొంగిలించను, ఆ పనులు చేసేవాళ్లని సహించను. మొదటి మూడూ బాగానే ఉన్నాయి గానీ నాలుగోది చదివినప్పుడల్లా నాకు గుబులుగా ఉండేది. ఆ లెక్కన మా చర్చి కమిటీలో ఒక్కరు మిగలరు.

నవంబరులో ఇంటర్వ్యూకి పిలిచారు. ఊరి పెద్దలు ఐదుగురు లైబ్రరీలో వరసగా కూర్చుని, నిన్ను ఎంపిక చెయ్యకపోతే ఏం చేస్తావని అడిగారట. వచ్చే ఏడాది మళ్లీ వస్తాను, అప్పుడూ మీరే ఉంటారా అందట మా పిల్ల. ఇద్దరు నవ్వారని సంబరపడుతూ వచ్చింది. నవ్వనివాళ్లు ముగ్గురని నేను గుర్తుచెయ్యలేదు.

డిసెంబరు రెండో వారంలో మూడు ఉత్తరాలూ వచ్చాయి. మూడూ "మీలాంటి యువతని చూస్తే గర్వంగా ఉంది" అని మొదలై "కానీ" దగ్గర మలుపు తిరిగాయి. మా ప్రతినిధి ఆఫీసుకి ముప్పై ఎనిమిది మంది అర్జీ పెడితే పదిమంది పేర్లు వెళ్లాయి. ఆ పదిమందిలో ఇద్దరు నాకు తెలుసు. మంచి పిల్లలు, మా పిల్లకంటే వేగంగా పరుగెత్తే పిల్లలు. అదే మరీ కష్టమైంది. తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

ఇక మిగిలింది నాలుగో తలుపు. దాని సంగతి వేసవిలోనే ఆర్విల్ చెప్పాడు. ఆర్విల్ వియత్నాం వెళ్లొచ్చిన ముసలాయన. జిల్లా కోర్టు నేలమాళిగలో కూర్చుని మాజీ సైనికులకి అర్జీలు రాసిపెడుతుంటాడు. ఊరంతటికీ తాత, ఎవరినీ వదలడు.

"చూడమ్మా డార్లా," అన్నాడు ఆ రోజు నాతో. "యుద్ధంలో పోయినవాళ్ల పిల్లలకీ, నూటికి నూరు శాతం పాడైనవాళ్ల పిల్లలకీ వేరే కోటా ఉంది. ఎవరి సిఫారసూ అక్కర్లేదు. మీ ఆయన పోలేదు కదా, పాపం. రెండోదే చూసుకోవాలి."

పక్కనే ఉన్న గేలెన్ నవ్వాడు. నేను తీసుకెళ్లిన చాక్లెట్ కేకుని ఆర్విల్ ముందుకి లాక్కుని, ఇదే మీ ఆయన అనుకో అన్నాడు. గేలెన్ నడుముకి అరవై శాతం, తలనొప్పులకి యాభై, మనసుకి ముప్పై ఇచ్చారు. నా చదువు ప్రకారం మొత్తం నూట నలభై. వాళ్ల లెక్క అది కాదు. ముందు కేకులో అరవై శాతం కోసి పక్కన పెట్టాడు. మిగిలిన నలభైలో సగం కోశాడు. మిగిలిన ఇరవైలో ముప్పై శాతం అంటూ సన్నటి ముక్క తీశాడు. పళ్లెంలో పధ్నాలుగు మిగిలింది. అంటే పోయింది ఎనభై ఆరు. దగ్గరి పదికి సర్దుతారు గనక తొంభై అయింది. అలా చెప్పి, గేలెన్‌లో మిగిలిన పధ్నాలుగు శాతాన్నీ ఆర్విల్ తినేశాడు.

నడుముకీ తలకీ ఇక పెరగదట. పెరిగితే మనసుకే పెరగాలి. దానికి ముప్పయ్యే ఎందుకు ఇచ్చారో నాకు తెలుసు. పదేళ్ల క్రితం పరీక్షకి పిలిచినప్పుడు గేలెన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని, నిటారుగా కూర్చుని, అడిగిన ప్రతిదానికీ బాగానే ఉందండీ అని చెప్పొచ్చాడు. మనిషి శుభ్రంగా ఉన్నాడు, మర్యాదస్తుడు, నిద్ర బాగా పడుతోంది అని రాసుకున్నారు. ఆ నిద్ర పక్కన పడుకునేదాన్ని ఎవరూ అడగలేదు.

"ఈసారి గడ్డం గీసుకోకు," అని ఆర్విల్ వేలు చూపించి మరీ చెప్పాడు. "చొక్కా నలిగి ఉండాలి. గేలెన్, జీవితంలో ఒక్కరోజు సైనికుడిలా ఉండకు బాబూ."

అక్టోబరులో పరీక్ష. ఆ పొద్దున గేలెన్ గడ్డం గీసుకున్నాడు. నేను ఇస్త్రీ చెయ్యనని కూర్చుంటే తనే చేసుకున్నాడు. మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్తే, పరీక్ష చేసే డాక్టరమ్మ మా మారెన్‌కి అక్కలా ఉంది. భార్య కూడా లోపలికి రావచ్చంది. ఎలా ఉన్నారని అడిగితే మా ఆయన బాగానే ఉన్నానమ్మా అన్నాడు. కుర్చీ కింద ఆయన కాలు తొక్కాను. ఆమె అది చూసింది గానీ చూడనట్టే, లారీ నడిపేటప్పుడు ఎప్పుడైనా ఇబ్బందిగా ఉంటుందా అని అడిగింది.

దానికి గేలెన్ నలభై నిమిషాలు జవాబు చెప్పాడు. ఇరాక్‌లో వాళ్లకి ఇచ్చిన ఆర్డరు ఒకటే. వరసలో వెళ్లే ట్రక్కు ఎవరు అడ్డొచ్చినా ఆగకూడదు, ఆగితే వరసంతా ప్రమాదంలో పడుతుంది. గేలెన్ మూడో ట్రక్కు నడుపుతున్నాడు. ఆగలేదు. అడ్డొచ్చిన పిల్లకి ఆరేళ్లుంటాయి. మారెన్‌కి ఆరేళ్లు వచ్చిన ఏడాది, పొద్దున్నే దాన్ని స్కూల్లో నువ్వే దింపు, నావల్ల కాదు అన్నాడు ఆయన. బద్ధకం అనుకుని నేను వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం సంగతి నాకు ఆ గదిలో అర్థమైంది.

ఇంటికొచ్చే దారిలో ఒక్కమాటే అన్నాడు. "మారెన్‌కి తెలియకూడదు." సరేనన్నాను.

ఆ పరీక్ష ఫలితం కూడా, మూడు "కానీ"లూ వచ్చిన వారమే వచ్చింది. మనసుకి ముప్పై నుంచి డెబ్భై చేశారు. నేను పోస్టు డబ్బా దగ్గరే, చలిలో నిలబడి మనసులో కేకు కోశాను. ముందే పోయింది ఎనభై. మిగిలిన ఇరవైలో డెబ్భై శాతమంటే పధ్నాలుగు. మొత్తం తొంభై నాలుగు. దగ్గరి పదికి సర్దితే తొంభై. ఎనభై ఆరుని పైకి తోసిన చెయ్యే తొంభై నాలుగుని కిందికి నొక్కింది. నలభై నిమిషాలు అంత చెప్పుకుని మా ఆయన బయల్దేరిన చోటికే వచ్చాడు. తొంభై అయిదు అయ్యుంటే నూరు చేసేవాళ్లు.

కారణాలు రాసిన పేజీలు తీసి నా వంట పుస్తకాల మధ్య దాచాను. అంకెలున్న పేజీ మాత్రం మారెన్‌కి ఇచ్చాను. చదివి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మర్నాడు బడి నుంచే ఆర్విల్‌కి ఫోన్ చేసింది.

ఆ సాయంత్రం రాజ్మా వేసిన గొడ్డుమాంసం పులుసు, దాల్చినచెక్క రొట్టెలు చేశాను. మా వైపు పిల్లలకి ఈ రెండూ కలిపి పెడితే ఎంత బాధైనా తగ్గుతుందని నమ్మకం. మారెన్ రొట్టె ముట్టుకోలేదు. పళ్లెం పక్కన నోటుపుస్తకం పెట్టుకుంది. అందులో వాళ్ల నాన్న నడుము, తల, మనసు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి, అంగడి చీటీలో పప్పు, ఉప్పు రాసినట్టు. తప్పు దానిది కాదు. ఆరు నెలలుగా మేమంతా ఆ మనిషిని అలాగే చూస్తున్నాం.

"నాన్నా, ఒక మాట అడగనా?" అంది. "ఇంకొక్క పది శాతం, చిన్నదేదైనా ఉంటే చాలట. మిగిలిన ఆరులో దాని వాటా అర దాటుతుంది, అది కలిస్తే తొంభై అయిదుకి, అక్కణ్నుంచి నూరుకి సర్దుతారట. చాలామందికి చెవుల్లో ఎప్పుడూ మోత వినిపిస్తుంటుందని ఆర్విల్ తాత చెప్పాడు. దానికి పది ఇస్తారట. మిషను పెట్టి చూసేదేం లేదు, మనిషి చెప్పిందే రాసుకుంటారట. నీకు మోత ఉంటుందా?"

గేలెన్ చెంచా కింద పెట్టాడు. ఆ చెవుల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అరమైలు దూరంలో పొలంలో తిరిగే కోతమిషను చప్పుడు విని, రేపటికి బేరింగు పోతుందని చెప్పేవాడు, పోయేది. మారెన్ పెన్ను పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. ఆ చూపులో దురాశ లేదు. ఫొటో వైపు చూసే చూపే.

"ఉంటుంది," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అక్కడున్నప్పట్నుంచే."

"ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేంటి నాన్నా?"

"చెప్పుకునేంత పెద్దదేం కాదులే."

అది లేచి వచ్చి వాళ్ల నాన్న తలని రెండు చేతులతో పొదువుకుంది. ఆయన నా వైపు చూడలేదు. నేను ఫ్రిజ్ వైపు చూడలేదు.

గిన్నెలు తుడిచేటప్పుడు అడిగాను, ఏ చెవిలో నాయనా మోత అని.

"నువ్వు గొణిగే వైపు," అన్నాడు. గిన్నె నా చేతికిచ్చి, "అంత నిజం చెబితే తొంభై నాలుగు దగ్గర ఆపారు డార్లా. మిగతాది ఈ మోతకి ఇస్తారంటే ఇవ్వనీ" అన్నాడు.

వద్దు అనడానికి నాకు ఆ రాత్రీ, మర్నాడు పగలంతా వ్యవధి ఉంది. అనలేదు. అర్జీ నేనే నింపాను. మా ఇంట్లో కాగితాలన్నీ నేనే నింపుతాను. రాత నాది, సంతకం ఆయనది, అబద్ధం ఉమ్మడి.

జనవరి మొదట్లో చెవుల పరీక్ష. గాజు గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపించారు. అన్నీ విన్నాడట. ఈ వయసులో ఇంత బాగా వినపడేవాళ్లని చూడలేదని అక్కడి అమ్మాయి మెచ్చుకుందట. ఆ తర్వాత మోత ఉందా అని అడిగింది. ఉందన్నాడు. ఎలా ఉంటుందని అడిగింది. దానికి మేం సిద్ధపడలేదు. ఆయనకి ఏమీ తోచక, పొయ్యి మీద కెటిల్ కూసినట్టు ఉంటుందన్నాడట. ఎనిమిది నిమిషాల్లో బయటికొచ్చాడు. నలభై నిమిషాల నిజానికి ఎనిమిది శాతం పెరిగింది. మా ఇంటి కెటిల్‌కి మిగతా ఆరూ వచ్చాయి.

పేరు పంపడానికి నెలాఖరు గడువు. ఉత్తరం ఇరవై రెండున వచ్చింది. ఆర్విల్ ఫోన్ చేసి, "అభినందనలమ్మా డార్లా. మీ ఆయన పూర్తిగా పోయాడు" అన్నాడు. మారెన్ పేరు ఆ వారమే వెళ్లింది. ఏప్రిల్లో సీటు వచ్చింది.

ఊరు ఊరంతా పండగ చేసుకుంది. బ్యాంకు ముందు బోర్డు మీద మా పిల్ల పేరు వెలిగించారు. చర్చి నేలమాళిగలో భోజనాలు పెట్టారు. అక్కడ మారెన్ లేచి నిలబడి, మా నాన్న పదిహేడేళ్లు చెవుల్లో మోత పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదు, గౌరవమంటే ఏంటో నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను అంది. అందరూ చప్పట్లు కొట్టారు. గేలెన్ తన పళ్లెంలోని బంగాళదుంపలని చాలా శ్రద్ధగా చూశాడు. ఆ రోజు నుంచి ఊళ్లో అందరూ ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు.

పిల్ల ప్రేమ ఇంకా కష్టంగా ఉండేది. నేను మిక్సీ వేస్తే నాన్న చెవులమ్మా అని కసురుకునేది. పుస్తకాలు చదివి, మోత ఉన్నవాళ్లకి వానచప్పుడు చేసే మిషను మంచిదని తెలుసుకుని, తను దాచుకున్న డబ్బుతో కొని తెచ్చింది. ఆయనకి లేని జబ్బుకి దాని దగ్గర ఇంత సేవ ఉంది. ఉన్న జబ్బు సంగతి దానికి తెలియదు, నా వంట పుస్తకాలకి తెలుసు. ఇప్పుడు నేను బిస్కెట్ల డబ్బా మూత తీసినా గ్యారేజీలోంచి ఏ మాటా రావడం లేదు. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన వినపడనివాడిలాగే ఉండాలి కదా.

మే నెలలో ఒక ఆదివారం, చర్చి నుంచి నడిచి వస్తూ, దానికి చెప్పేస్తాను అన్నాడు.

"ఏది? చెవుల సంగతా, ట్రక్కు సంగతా?"

"రెండూ. అది అక్కడ చెయ్యెత్తి ప్రమాణం చేసేలోపే చెప్పాలి. ఆ తర్వాత తెలిస్తే, తెలిసీ దాచిందన్న తప్పు దాని మెడకి చుట్టుకుంటుంది. ముందే తెలిస్తే ఏం చేసుకోవాలో అదే చూసుకుంటుంది."

"వెళ్లను అంటే?"

"అది దాని ఇష్టం."

అంత తేలిగ్గా అన్నాడు. ఏడో తరగతి నుంచి పిల్ల తెల్లవారకముందే లేచి మంచులో పరుగెత్తడం నేను కిటికీలోంచి చూశాను. దాని ఇష్టమేంటో నాకు తెలుసు.

జూన్ చివర మూడు రోజులు కారులో ప్రయాణం. రెండోరోజు ఒహాయోలో స్టీరింగు మీద చేతులు సర్దుకుని, గొంతు సవరించుకుని, మారెన్ అన్నాడు. నాకు వెంటనే ఆకలేసింది. ఆపి తిన్నాం. పెన్సిల్వేనియాలో కొండల మధ్య మళ్లీ మారెన్ అన్నాడు. నాకు కడుపులో తిప్పింది. కారు ఆపి రోడ్డు పక్కన పది నిమిషాలు కూర్చున్నాను. అది నా వీపు నిమురుతూ, అమ్మా నువ్వు భయపడుతున్నావు, నాకేం కాదు అంది. గేలెన్ కారుకి ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. కోపంగా ఏమీ లేదు ఆ చూపు. ఏం జరుగుతోందో తెలిసిన చూపు. ఆ తర్వాత హోటలు దాకా నేనే గలగలా మాట్లాడాను. చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పాను, స్కూల్లో దింపిన కబుర్లు తప్ప.

మర్నాడు పొద్దున పెద్ద హాల్లో వందలమంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. తెల్ల చొక్కా వేసుకున్న కుర్రాడొకడు ముందుకొచ్చి, వీడ్కోలు చెప్పుకోవడానికి మీకు ఒక్క నిమిషం ఉంది అన్నాడు. సాయంత్రానికి ప్రమాణం. హాలంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు జరుగుతున్నాయి, తల్లులు ఏడుస్తున్నారు, ఎవరి బామ్మో ఏదో పాడుతోంది.

మారెన్ ముందు నన్ను పట్టుకుంది. ఎంతసేపో తెలియదు. ఎంతసేపైతే అంత మంచిదని నేను వదల్లేదు. అదే విడిపించుకుని నాన్న వైపు తిరిగింది.

గేలెన్ దాని రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆయన ఆ విషయం మాట్లాడేటప్పుడు గొంతు బాగా కిందికి పోతుంది. ఆ డాక్టరమ్మ గదిలోనూ అలాగే పోయింది.

"మారెన్, నీకొక మాట చెప్పాలమ్మా. నా చెవులు..."

అది ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క మాటే విడదీసి, గట్టిగా చెప్పింది.

"నాన్నా, ఇక్కడ గోలగా ఉంది. నీకు వినపడదు. ఏదైనా ఉత్తరంలో రాయి."

టైమైపోయింది అన్నారు. పిల్లలు వరస కట్టి తలుపు వైపు నడిచారు. మారెన్ తలుపు దగ్గర వెనక్కి తిరిగి, చెవి మీద వేలు పెట్టి చూపించి, వానమిషను గుర్తుందా అన్నట్టు కనుబొమలెగరేసింది.

ఆయనకి దాని మాట ప్రతి అక్షరమూ వినపడింది. సరిగ్గా వినపడనివాడిలా తలూపాడు.